ఆకలికి రూపమిచ్చిన శిల్పి

రాజాం పేరు చెప్పగానే తాండ్ర పాపారాయుడు, దానికి చేరువనున్న బొబ్బిలి పేరు చెప్పగానే 1757 నాటి యుద్ధం తెలుగువారికి స్ఫురిస్తాయి. ఆ వీరభూమికి కళాచరిత్రలోనూ స్థానమున్నది. 1919లో బొబ్బిలిలో జన్మించిన అంట్యాకుల పైడిరాజు చిత్రకళ నేర్చుటకై చెన్నపట్టణం వెళ్లినారు. అచ్చట ఆయనకు లభించిన గురువు దేవీప్రసాద్ రాయ్ చౌదురి.

రాయ్ చౌదురి 1899లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతాన, జమీందారుల ఇంట జన్మించినారు. అవనీంద్రనాథ ఠాకూరు వద్ద చిత్రలేఖనం అభ్యసించినారు. పాశ్చాత్యరీతి శిల్పవిద్యను కూడ సాధించినారు. మల్లయుద్ధం, వేట, వేణువు, కథారచన అన్నిటా ఆయనకు ప్రవేశమున్నది. 1929లో మద్రాసు ప్రభుత్వ కళాపాఠశాలకు అధ్యక్షులై 1957 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ స్థానమును పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన బంకమట్టిని ముద్దలుగా చేర్చి, వ్రేళ్లతో అదిమి, కండలను, ఎముకలను పైకి తెచ్చేవారు. ఆ గరుకుదనమును నునుపుచేసి మరుగుపరచేవారు కారు. కంచులో పోతపోసిన పిదప కూడ ఆ చేతి జాడలు మిగిలియుండేవి. 1943 నాటి వంగదేశపు క్షామమును తలపించే ‘ఆకలి బాధితులు’ శిల్పమును 1952లో రూపొందించినారు. చిక్కి శల్యమైన ఆ దేహములను చూచినవారికి చూపు మరల్చుకొనవలెననిపిస్తుంది. కాని మరల్చుకొనుట సాధ్యం కాదు. 1959లో మద్రాసు సముద్రతీరాన వెలసిన ‘శ్రమ విజయం’లో నలుగురు కూలీలు ఒక పెద్ద బండను కదలించుచున్నారు. దొరల విగ్రహములు నిలిచిన నగరంలో శ్రామికునికి ఆ గౌరవం దక్కినది.

‘ఆకలి బాధితులు’ పుట్టుటకు ముందే పైడిరాజు చదువు ముగించినారు. కాని ఆ చేతి పనిని, జీవితమును తప్పించుకొనక చూచే ఆ చూపును ఆయన దగ్గరనుండి ఎరిగినవారే. విజయనగరంలో స్థిరపడి, తాను శిల్పములు కూడ చేసి, ఎందరికో కళను నేర్పినారు. ఆయన చిత్రములలో గురువుగారి బరువు, గరుకుదనం కానరావు. ఆ స్థానే సరళమైన రేఖలలో మన పల్లెపడుచులు, వారి నుదుట పెద్ద బొట్లు కనిపిస్తాయి. మరొక శిష్యుడు కె.సి.ఎస్. పణిక్కర్ అక్షరముల వంటి గుర్తులతో చిత్రములు వ్రాసి వేరొక త్రోవ తొక్కినారు. గురువు చేతిని అనుకరించుటకాక, తన చుట్టునున్న మనుష్యులను తన కన్నులతో చూడగలుగుటే శిష్యునికి లభించే నిజమైన స్ఫూర్తి.

1954లో ఏర్పడిన కేంద్ర లలితకళా అకాడమీకి తొలి అధ్యక్షులుగాను, 1958లో పద్మభూషణ గ్రహీతగాను గౌరవం పొందిన రాయ్ చౌదురి 1975లో కన్నుమూసినారు. చిత్రలేఖనం నేర్చే బాలునికి పువ్వులను, పక్షులను చూపుట మంచిదే. ఏదో ఒకనాడు మనస్సును కలతపెట్టే ఒక శిల్పం ముందు కూడ అతనిని నిలబెట్టవలెను. ఆ కలతతో ఇంటికి మరలిన బాలుడు, తన వీధిలో బరువు మోసే మనిషిని మొదటిసారిగా చూస్తాడు.