హష్మత్ జంగు మేడ

చంద్రగిరి రాజమహలును చూడని విద్యార్థి మన సీమలో అరుదు. కఱ్ఱ వాడక, రాతితోను ఇటుకతోను సున్నముతోను కట్టిన ఆ మేడలో కమానులు మహమ్మదీయ శిల్పమును, శిఖరములు దేవాలయ గోపురములను స్ఫురింపజేయును. రెండు సంప్రదాయములు ఒక గోడలో ఇమిడిపోయిన తీరు అది. హైదరాబాదులో కోఠీ యను పేటయందు మరొక మేడ కలదు. అందును రెండు లోకములు కలిసికొన్నవి. కాని అవి ఒక గోడలో ఇమడలేదు. ఒకటి ముందు నిలిచెను, ఒకటి వెనుక దాగెను. ఆ మేడను తలపెట్టినవాడు జేమ్సు అకిలీసు కర్క్‌పాట్రిక్. ఆయన కథ హైదరాబాదునకు మాత్రమే చెందినది కాదు. రాయలసీమ చరిత్రలో ఆయన సంతకమొకటి కలదు.

మొదట ఆ మేడ రీతిని గూర్చి కొంత తెలియవలెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని భూస్వాములు తమ పల్లెపట్టులందు గొప్ప భవనములు కట్టించుకొనిరి. వారికి గురువు ఇటలీ దేశపు శిల్పాచార్యుడు పల్లాడియో. ఆయన 1570లో ప్రకటించిన గ్రంథము పురాతన రోమకుల కట్టడముల కొలతలను, నియమములను బోధించెను. భవనమునకు కుడియెడమలు అద్దములో ప్రతిబింబమువలె సమానముగా నుండవలెను. ముందు ఎత్తైన స్తంభములతో ముఖమండపము, దానిపై త్రికోణాకారపు శిరోభాగము, విశాలమైన సోపానములు, చుట్టును ఉద్యానవనము అమరవలెను. లండను చెంత బర్లింగ్టను ప్రభువు కట్టించిన చిజ్విక్ భవనము, డర్బీ మండలమున రాబర్టు ఆడము తీర్చిన కెడిల్‌స్టను భవనము ఈ రీతికి పేరొందిన ఉదాహరణములు. ఆ కెడిల్‌స్టను నమూనానే అనుసరించి గవర్నరు జనరలు వెలెస్లీ 1799 మొదలు 1803 వరకు కలకత్తాలో ప్రభుత్వ భవనము కట్టించెను. ఆ భవనములందు సౌందర్యము కలదు. ఆ సౌందర్యమున అధికార ప్రదర్శనమును కలదు.

కర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసున జన్మించెను. ఆ మద్రాసు స్థలము 1639లో చంద్రగిరి ప్రభువుల రాజ్యకాలముననే ఆంగ్లేయ వర్తకులకు లభించినదను సంగతి మన పాఠకులకు తెలిసినదే. తండ్రి కుంఫిణీ సైన్యమున అధికారి. తల్లి ఆయన పసితనముననే మరణించెను. బాలుని ఇంగ్లండు పంపి చదివించిరి. పదునైదేండ్ల ప్రాయమున, 1779లో, ఆయన మద్రాసు సైన్యమున చేరుటకై తిరిగి వచ్చెను. పారసీకము, హిందూస్థానీ చక్కగా నేర్చెను. సవతి అన్న విలియము నిజాము కొలువున కుంఫిణీ ప్రతినిధిగా, అనగా రెసిడెంటుగా, ఉండుటచే 1795లో ఆయనకు సహాయకుడుగా హైదరాబాదు చేరెను. అన్న వ్యాధిగ్రస్తుడు కాగా ఆ పదవి 1798లో తమ్మునికి దక్కెను.

ఆ యేడే ఆయన పేరు మారుమ్రోగెను. నిజాము కొలువున ఫ్రెంచి నాయకుల చేతిక్రింద సుమారు పదునాలుగు వేల సిపాయిల దళముండెను. సెప్టెంబరున నిజాముతో సంధి కుదిరెను. అక్టోబరున ఆ దళము రక్తపాతము లేకయే ఆయుధములు విడిచెను. నిజాము అలీ ఖాను మెచ్చి ఆయనకు హష్మత్ జంగు అను బిరుద మిచ్చెను. ఆయన నగర ప్రముఖులవలె వస్త్రధారణ చేసెను, వారివలె మర్యాదలు పాటించెను, వారి భాషలో వారితో సంభాషించెను.

1800 అక్టోబరు 12వ తేదీన మరియొక సంధి జరిగెను. మైసూరు యుద్ధముల ఫలితముగా 1792లోను, 1799లోను తనకు వచ్చిన భూములను నిజాము, తన రక్షణకై యుంచిన కుంఫిణీ సైన్యపు వ్యయమునకుగాను, కుంఫిణీకి అప్పగించెను. కడప, అనంతపురము, బళ్లారి సీమలు అట్లు చేతులు మారెను. వానికే దత్తమండలములని పేరు. కుంఫిణీ పక్షమున ఆ సంధి నడిపినవాడు కర్క్‌పాట్రిక్. తిరుపతి, చంద్రగిరి ప్రాంతములు ఆర్కాటు నవాబు నుండి 1801లో కుంఫిణీ వశమాయెను గాని, 1911లో చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అంతకు ముందు కడప జిల్లాలోనివి. ఆ ఊళ్లలోని రైతు ఎన్నడును చూడని ఒక దొర, ఎన్నడును చూడని ఒక నవాబుతో చేసికొన్న ఒప్పందమున వాని శిస్తు ఎవరికి చెల్లవలెనో నిర్ణయమాయెను. థామసు మన్రో కలెక్టరుగా వచ్చినది ఈ సంధి వలననే.

ఇట్లు కుంఫిణీ సేవలో మునిగియున్న ఆ కాలముననే ఆయన హృదయము మరొక దిక్కునకు మొగ్గెను. నగరపు ఉన్నత కుటుంబమునకు చెందిన ఖైరున్నీసా బేగమును ఆయన ప్రేమించెను, ఇస్లాము ధర్మము ననుసరించి వివాహమాడెను. 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగిరి. ఈ వార్త కలకత్తా చేరగా వెలెస్లీ ఆగ్రహించి విచారణ జరిపించెను. పదవి ఊడునంత పని యాయెను గాని నిలిచెను. ఆనాటి నుండి ఆయనకును పై అధికారులకును నడుమ నమ్మకము సడలెను. దేశీయ ప్రభువుల పట్ల వెలెస్లీ చూపు దర్పము ఆయనకు రుచింపకుండెను. అయినను ఆయన కొలువు విడువలేదు.

మూసీనదికి ఉత్తరపు గట్టున రెసిడెంటు నివాసములు పాతబడి యుండుటచే క్రొత్త భవనము కట్టవలెనని ఆయన తలచెను. నిజామునకు విన్నపము పంపిన తీరును గూర్చి ఒక కథ చెప్పుదురు. స్థలపు పటమును పెద్ద కాగితముపై గీయించి చూపగా నిజాము కారణము చెప్పకయే నిరాకరించెనట. ఆ పటము తన రాజ్యపటమంత యుండుటచే అంత నేల అడుగుచున్నాడని ఆయన భయమట. అదే పటమును చిన్న అట్టముక్కపై గీయించి చూపగా వెంటనే సమ్మతించెనట. వినువారు నవ్వుదురు. కాని రెండు మూడేండ్ల క్రిందటనే జిల్లాలకు జిల్లాలు వదలుకొన్న ప్రభువు కొలది నేలకై జంకుటలో ఆశ్చర్య మేమున్నది? పటము చూచి భయపడుట ఆయనకు అనుభవము నేర్పిన పాఠము.

1803 ప్రాంతమున పని ప్రారంభమాయెను. వ్యయమును నిజాము భరించెను. మద్రాసు ఇంజినీర్ల దళమునకు చెందిన సామ్యూలు రస్సెలు ఆకృతి సిద్ధపరచెను. ఉత్తరాభిముఖముగా విశాలమైన మెట్లు, ఇరుప్రక్కల రెండు పెద్ద సింహములు, ఆకుల చెక్కడపు శీర్షములుగల ఆరు కొరింథియను స్తంభములు, త్రికోణ శిరోభాగమున కుంఫిణీ వారి చిహ్నము, లోపల రెండంతస్తుల ఎత్తుగల దర్బారు శాల, రెండు పాయలుగా చీలిపోవు మెట్లవరుస అమరెను. చూచినవారికి ఇంగ్లండులోని ప్రభువుల గ్రామసీమ భవనము మూసీ గట్టున లేచినట్లుండును. అయితే స్తంభములు చలువరాతివి కావు; ఇటుకపై సున్నము పూసి మెఱుగు పెట్టినవి. ఆకృతి పరదేశముది, పదార్థము ఈ నేలది.

ఆ మేడకు వెనుక, గోడలలోపల, బేగమునకై రంగమహలను జనానా నిర్మించెను. ఆ తోటలో పెద్ద భవనమునకు చిన్న నమూనా యొకటి ఉండెను. పరదా పాటించు బేగము మేడ ముందుభాగమునకు రాజాలదు గనుక ఆమె చూచుటకై భర్త దానిని కట్టించెనని చెప్పుదురు. ఆ చిన్న నమూనాలో ఆయన జీవితమంతయు కానవచ్చును. ముందువైపు కుంఫిణీ ప్రతినిధి, వెనుకవైపు హష్మత్ జంగు. రెంటిని కలుపు వాకిలిని మాత్రము ఏ శిల్పియు కట్టలేకపోయెను.

1805లో పిల్లలిద్దరిని చదువునకై తాతగారి యొద్దకు ఇంగ్లండు పంపిరి. ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో జార్జి చిన్నరీ యను చిత్రకారుడు వారి రూపములను చిత్రించెను. హైదరాబాదు దుస్తులతో వారిని చూపు చివరి చిత్రమది. ఇంగ్లండున వారికి క్రైస్తవ నామములు పెట్టిరి. తల్లి వారిని మరల చూడలేదు. తండ్రి కలకత్తా వెళ్లి అక్టోబరు 15వ తేదీన, నలుబదియొక్క యేండ్ల వయస్సున, కన్నుమూసెను. అప్పటికి మేడ పూర్తి కాలేదు. ఖైరున్నీసా 1813లో మరణించెను. కుమార్తె కిట్టీ పెద్దదైన పిమ్మట, 1841 ప్రాంతమున, హైదరాబాదులోని అమ్మమ్మతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ఒకరి భాష ఒకరికి రాని ఆ యిరువురి నడుమ అనువాదకులు నిలువవలసి వచ్చెను.

మేడ మాత్రము నిలిచెను. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున ప్రజలు దానిపై దాడి చేసిరి. వారి కంటికి అది ప్రేమికుని గృహము కాదు, పరప్రభుత్వపు కోట. కాలక్రమమున రంగమహలు కూల్చబడెను. 1949లో ఆ భవనమునకు మహిళా కళాశాల వచ్చెను. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయ మాయెను. శిథిలమగుచున్న మేడకు చిరకాలము మరమ్మతులు జరిగి 2023లో దాని తలుపులు తిరిగి తెరువబడెను. చిన్న నమూనాను గూడ బాగుచేసిరి.

కర్క్‌పాట్రిక్‌ను ఉదారుడని మెచ్చువారు కలరు. దత్తమండలములను తలచుకొన్నవారు ఆ మెప్పునకు హద్దు పెట్టవలెను. ఆయన ఈ దేశమును ప్రేమించెను; ఈ దేశమును పరుల కప్పగించు పత్రములను గూడ నడిపెను. రెండును సత్యములే. విద్యార్థులను కోఠీకి తీసికొనిపోవు ఉపాధ్యాయులు స్తంభముల అందము చూపి ఊరకుండరాదు. మేడ వెనుకకు నడిపించి ఆ చిన్న నమూనాను గూడ చూపవలెను. ఒకనాడు అధికారము నిలిచిన మెట్లపై, పరదాచాటున ఆ బేగము నిలువలేని మెట్లపై, ఆడపిల్లలు పుస్తకములతో నిలిచిరి. కట్టినవాడు ఊహింపని సార్థకత ఆ మేడకు అట్లు కలిగెను.