చిత్తూరు నాగయ్య

తెలుగు చలనచిత్రములకు తొలినాళ్లలో వన్నె తెచ్చిన నటులలో చిత్తూరు నాగయ్య అగ్రగణ్యుడు. నటనము, గానము, సంగీత రచన, దర్శకత్వము అను నాల్గింటను పేరొందినవారు ఏ దేశమునందైనను అరుదు. నాగయ్య అట్టి అరుదైనవారిలో ఒకడు. చూడదగిన చలనచిత్రమనగా నెట్టిదో తెలియగోరువారికి ఆయన జీవితము మంచి పాఠము.

ఆయన ఇంటిపేరు ఉప్పలదడియము. 1904 మార్చి 28వ తేదీన రేపల్లెలో ఆయన జన్మించెను. తండ్రి రామలింగేశ్వరశర్మ; తల్లి వెంకటలక్ష్మాంబ. వారిది కలిగిన కుటుంబము కాదు. తిరుపతి దేవస్థానమువారు దయతో నొసగిన విద్యార్థి వేతనమే ఆ బాలుని చదువునకు ఆధారమయ్యెను. చదువు ముగిసిన పిదప నాగయ్య చిత్తూరులో ఒక ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా చేరెను. కొంతకాలము ఆంధ్రపత్రికలో విలేఖరిగా కూడ పనిచేసెను. గాంధీ మహాత్ముని బోధలు ఆయన మనస్సును మిక్కిలి ఆకర్షించెను. 1930లో దేశమంతట ఉప్పు సత్యాగ్రహము చెలరేగినపుడు ఆయనయు అందు పాల్గొనెను.

ఆ కాలమున చిత్తూరు పట్టణమున రామవిలాస సభ యను నాటక సమాజము ప్రసిద్ధి కెక్కియుండెను. నాగయ్య ఆ సభలో చేరి, 'సారంగధర' మొదలగు నాటకములందు వేషములు ధరించెను. నాటి రంగస్థలమున నటునకు గొంతే పెట్టుబడి. పద్యము రాగయుక్తముగా పాడవలెను. అందలి ప్రతి పదమును కడపటి వరుసలో కూర్చున్న పామరునకు సయితము స్పష్టముగా వినబడవలెను. ఈ సాధన నాగయ్యకు జీవితాంతము ఉపకరించెను. ఆయన పుట్టుక కృష్ణాతీరమున జరిగినను, ఆయన కళకు పురుడు పోసినది చిత్తూరు. అందుచేతనే ఆ ఊరి పేరు ఆయన పేరునకు ముందు చేరి, ఇంటిపేరును మరపించినది.

1938లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 'గృహలక్ష్మి' యను చిత్రము వెలువడెను. నాగయ్యకు అదియే తొలి చిత్రము. కల్లు త్రాగవద్దని ప్రజలకు పాటతో హితవు చెప్పు దేశభక్తుని పాత్ర ఆయనకు లభించెను. సత్యాగ్రహి యైన నటునకు ఆ పాత్ర కొత్త కాలేదు. ఆయన నటనము చూచి, ఆయన పాట విని, ప్రేక్షకులు ముగ్ధులైరి. పిమ్మట బి. ఎన్. రెడ్డి వాహినీ సంస్థ తరపున తీసిన 'వందేమాతరం' 1939లోను, 'సుమంగళి' 1940లోను, 'దేవత' 1941లోను వచ్చినవి. నిరుద్యోగము, వితంతువుల దుస్థితి, పనిపిల్లకు జరిగిన అన్యాయము వానిలోని ఇతివృత్తములు. పౌరాణిక కథలే ఎక్కువగా తెరకెక్కుచున్న ఆ దినములలో తమ ఇరుగుపొరుగు ఇండ్లలోని కష్టములను తెరపై చూచి జనులు ఆశ్చర్యపడిరి. 'సుమంగళి'లో నాగయ్య ముదుసలియైన సంఘసంస్కర్తగా నటించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారేండ్లు మాత్రమే.

బొంబాయినుండి వెలువడు 'ఫిలిమిండియా' పత్రికకు బాబూరావు పటేలు సంపాదకుడు. ఆయన కలము వాడియైనది. ఎవ్వరినీ తేలికగా మెచ్చుకొనునది కాదు. అట్టి పటేలు నాగయ్యను భారతదేశపు పాల్ మునిగా కొనియాడెను. ఆ పాల్ ముని ఎవరు? ఆయన 1895లో తూర్పు ఐరోపాలో యూదుల కుటుంబమున పుట్టి, బాల్యమున అమెరికా చేరి, యిడ్డిష్ భాషా నాటకములలో ఆరితేరిన నటుడు. చిన్ననాడే గడ్డము తగిలించుకొని ముసలివాని వేషము కట్టినవాడు. 1936లో వచ్చిన చిత్రమున సూక్ష్మజీవులపై పరిశోధనలు గావించిన లూయీ పాశ్చర్ గాను, 1937లో వచ్చిన మరియొక చిత్రమున నిరపరాధికై పోరాడిన ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలాగాను నటించి, ప్రపంచపు మన్నన పొందెను. పాశ్చర్ పాత్రకు ఆయనకు ఆస్కారు బహుమానము లభించెను. మహనీయుల వేషము ధరించినపుడు తన్ను తాను మరచి, వారి మనస్సులో ప్రవేశించుట పాల్ ముని మార్గము. సముద్రముల కావల ఆయన చేసిన సాధననే ఇచ్చట నాగయ్య తన రీతిని చేయుచుండెను.

ఈ సాధన 'భక్త పోతన'లో పండెను. కె. వి. రెడ్డి దర్శకత్వము వహించిన మొదటి చిత్రమది, 1943లో విడుదలయ్యెను. పొలము దున్నుకొనుచు భాగవతమును తెనిగించి, దానిని రాజులకు అంకితమీయ నిరాకరించిన కవి కథ అది. ఆ పాత్రలో నాగయ్య గొంతు పెంచలేదు, చేతులు విసరలేదు. ఆయన కన్నులే పోతన భక్తిని పలికినవి. నాడు నటులు తమ పాటలు తామే పాడుకొనుట వాడుక. మాటాడు కంఠమును, పాడు కంఠమును ఒక్కటే యగుటచేత ఆ పాటలు పాత్ర గుండెలోనుండి వెడలినట్లుండెను.

1945లో 'మీరా' యను తమిళ చిత్రమున ఎం. ఎస్. సుబ్బులక్ష్మి మీరాబాయిగా నటింపగా, నాగయ్య రాణాగా నటించెను. దాని దర్శకుడు ఎల్లిస్ ఆర్. డంగన్ అను అమెరికా దేశస్థుడు. ఆయనకు తమిళము రాదు. ఐనను ఆ చిత్రము తమిళుల హృదయములను దోచుకొన్నది. కళకు భాష అడ్డు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అప్పటికి నాగయ్య దక్షిణదేశమున మిక్కిలి పారితోషికము పొందు నటులలో ఒకడై యుండెను. ఆయన కోరినచో ఇతరుల చిత్రములలో నటించుచు సుఖముగా ధనము కూడబెట్టుకొనవచ్చును. కాని తన మనస్సునకు నచ్చిన చిత్రమును ఇతరుల పెత్తనము లేకుండ తానే తీయవలెనని ఆయన సంకల్పించెను. రేణుకా ఫిలింస్ అను సంస్థను స్థాపించి, 'త్యాగయ్య' చిత్రమును తీసి, 1946లో విడుదల చేసెను. నిర్మాణము, దర్శకత్వము, సంగీతము, ప్రధాన పాత్ర - నాల్గు భారములను ఆయనే వహించెను. తంజావూరు ప్రభువు పంపిన కానుకలను కాదని, రాముని సన్నిధియే చాలునన్న గాయకుని కథ జనులకు నచ్చునో నచ్చదో యను శంక లేకపోలేదు. నచ్చనిచో నష్టమంతయు ఆయనదే. కాని చిత్రము ఘనవిజయము పొందెను. మైసూరు, తిరువాన్కూరు ప్రభువులు ఆయనను సత్కరించిరి. త్యాగరాజస్వామిని తలచుకొనినపుడు నాగయ్య ముఖమే అనేకులకు మనస్సున మెదలసాగెను.

మరుసటి సంవత్సరమే 'యోగి వేమన' వచ్చెను. దానికిని కె. వి. రెడ్డియే దర్శకుడు. వేమన బంగారము చేయు విద్యకై మిత్రునితో కూడి పాటుపడుచుండును. ఇంతలో ఆయన ప్రాణముగా చూచుకొను అన్నకూతురు, చిన్నారి జ్యోతి, మరణించును. లోకములోని బంగారమంతయు కూడినను ఆ పసిపాపను బ్రతికింపలేదు. ఆ దుఃఖమునుండియే యోగి జనించును. ఆ ఘట్టమున నాగయ్య నటనము నేటికిని చూపరుల కంట తడి పెట్టించును.

1950లో నాగయ్యకు పరదేశపు కథ ఒకటి లభించెను. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన 'లే మిజెరాబ్లే' నవల అది. ఆకలికి తాళలేక రొట్టె దొంగిలించి, పందొమ్మిదేండ్లు చెరలో మ్రగ్గిన జీన్ వాల్జీన్ కథ. విడుదలయైన పిదప తనకు ఆశ్రయమిచ్చిన మతగురువు ఇంటనే అతడు వెండి సామాను దొంగిలించును. భటులు పట్టి తేగా, ఆ గురువు అది తానిచ్చినదే యని చెప్పి, వెండి దీపపు సెమ్మెలను కూడ అతని చేతిలో పెట్టును. ఆ దయ దొంగను మనిషిగా మార్చును. ఈ పాత్రను ఫ్రాన్సులో 1934లో హారీ బౌర్, అమెరికాలో 1935లో ఫ్రెడ్రిక్ మార్చ్ ధరించిరి. కోయంబత్తూరు పక్షిరాజా వారు కె. రామ్‌నాథ్ దర్శకత్వమున దానినే తమిళమున 'ఏళై పడుం పాడు' గాను, తెలుగున 'బీదలపాట్లు' గాను తీసిరి. రెండింటను కథానాయకుడు నాగయ్యయే. అందు జావర్ అను పోలీసు అధికారిగా నటించిన సీతారామన్‌కు నాటినుండి జావర్ సీతారామన్ అను పేరు స్థిరపడెను. పారిసు నగరపు బీదవాని బాధ తెలుగు పల్లెలోని బీదవానికిని అర్థమయ్యెను. మూడు దేశముల నటులు ఒక్క పాత్రను ఎట్లు పోషించిరో పోల్చి చూచినచో చిత్రకళలోని రహస్యములు పెక్కు తెలియును.

సంపాదించుటలో గొప్పవాడైన నాగయ్య దాచుకొనుటలో మాత్రము అసమర్థుడు. మదరాసులోని ఆయన ఇల్లు సత్రమును తలపించెడిది. వచ్చినవారికి భోజనము, అడిగినవారికి ధనము లేదనుట ఎరుగడు. 1953లో ఆయన తీసిన 'నా ఇల్లు' నష్టము తెచ్చెను. పెక్కేండ్లు శ్రమించి, 1964లో విడుదల చేసిన 'రామదాసు' ఆయనను మరింత క్రుంగదీసెను. మరుసటి యేట భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. కాని బిరుదముతో అప్పులు తీరవు. ఒకనాడు చిత్రమంతయు తన భుజములపై మోసిన నటుడు తుదిదినములలో చిన్న చిన్న వేషములు ధరించి బ్రతుకు వెళ్లదీసెను. ఆ చిన్న వేషములను సయితము ఆయన శ్రద్ధతో నటించెను. పాత్ర చిన్నదని పని తగ్గింపలేదు. 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసులో పరమపదించెను.

దానగుణము మంచిదే. కాని తన రేపటిని గూడ కొంత తలచుకొనుట అవసరమని నాగయ్య కడపటి దినములు హెచ్చరించుచున్నవి. ఐనను ఆయనను ఓడిపోయినవానిగా ఎవరును తలపరు. మదరాసు త్యాగరాయనగరమున పానగల్ పార్కులో ఆయన విగ్రహము నిలిచినది. చిత్తూరు పట్టణము తన కళామందిరమునకు నాగయ్య కళాక్షేత్రమని పేరిడి, ఋణము తీర్చుకొన్నది.

చలనచిత్రము మనదైనను, పరదేశపుదైనను, దాని విలువ మేడలలోను నగలలోను లేదు. చూచి ఇంటికి పోయిన పిదప ఒక మంచి మనిషి మన మనస్సున మిగిలెనా యని ప్రశ్నించుకొనవలెను. పోతనను, త్యాగయ్యను, వేమనను అట్లు మిగిల్చిపోయినవాడు చిత్తూరు నాగయ్య.