సాల్ హెర్ట్జ్

సాల్ హెర్ట్జ్ (ఏప్రిల్ 20, 1905 - జూలై 28, 1950) అమెరికాకు చెందిన వైద్యుడు, పరిశోధకుడు. రేడియోధార్మిక అయోడిన్‌ను మొదట కుందేళ్ళపై పరీక్షించి, తరువాత థైరాయిడ్ రోగుల చికిత్సకు వినియోగించాడు. అణు వైద్యానికి పునాది వేసినవారిలో ఇతనిని ఒకడిగా పరిగణిస్తారు.

బాల్యము, విద్యాభ్యాసము

హెర్ట్జ్ ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో, వలస వచ్చిన యూదు కుటుంబంలో జన్మించాడు. 1925లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేశాడు. 1931 నుండి 1943 వరకు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో థైరాయిడ్ విభాగానికి అధిపతిగా పనిచేశాడు.

పరిశోధనకు నాంది

శరీరంలో చేరిన అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథి సంగ్రహిస్తుందన్న విషయం అప్పటికే తెలిసినదే. 1936 నవంబరు 12న ఎం.ఐ.టి. అధ్యక్షుడు, భౌతిక శాస్త్రవేత్త కార్ల్ కాంప్టన్ హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉపన్యసించాడు. అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయవచ్చునా అని హెర్ట్జ్ ఆ సభలో ప్రశ్నించాడు. అది సాధ్యమేనని కాంప్టన్ ఆ తరువాతి నెలలో లేఖ ద్వారా తెలియజేశాడు.

కుందేళ్ళపై ప్రయోగాలు

1937లో ఎం.ఐ.టి.కి చెందిన ఆర్థర్ రాబర్ట్స్, రాబ్లీ ఎవాన్స్‌లతో కలిసి హెర్ట్జ్ ప్రయోగాలు ఆరంభించాడు. రేడియం, బెరీలియంల మిశ్రమం నుండి వెలువడే న్యూట్రాన్ల సహాయంతో అయోడిన్-128 తయారుచేశారు. దీని అర్ధాయువు సుమారు 25 నిమిషాలు మాత్రమే కావడం వలన, తయారైన వెంటనే దానిని వాడవలసి వచ్చేది. 48 కుందేళ్ళపై జరిపిన ఈ ప్రయోగాల ఫలితాలు 1938లో ప్రచురితమయ్యాయి. థైరాయిడ్ గ్రంథి ఈ అయోడిన్‌ను త్వరగా సంగ్రహిస్తుందని, అతివృద్ధి చెందిన గ్రంథి మామూలు గ్రంథి కంటే ఎక్కువగా తీసుకుంటుందని వాటి వలన తేలింది. చికిత్సకు ఆ మోతాదు చాలదు. అయినప్పటికీ, గ్రంథి తనంతట తానే కిరణాల మూలాన్ని లోనికి తీసుకోగలదని రుజువైంది.

రోగులకు చికిత్స

ఎం.ఐ.టి.లో సైక్లోట్రాన్ ఏర్పడిన తరువాత తగినంత అయోడిన్ లభించింది. ఇందులో అధిక భాగం సుమారు 12 గంటల అర్ధాయువు గల అయోడిన్-130. మిగిలినది సుమారు 8 రోజుల అర్ధాయువు గల అయోడిన్-131. 1941లో హెర్ట్జ్ అతిథైరాయిడ్ వ్యాధిగల రోగికి తొలిసారిగా ఈ చికిత్స చేశాడు. శస్త్రచికిత్స లేకుండానే గ్రంథి తీవ్రతను తగ్గించడం దీని ప్రయోజనం.

1943లో హెర్ట్జ్ అమెరికా నౌకాదళంలో చేరగా, ఆసుపత్రిలో ఈ పనిని ఎర్ల్ చాప్‌మన్ కొనసాగించాడు. హెర్ట్జ్ తన రోగులకు ఆ తరువాత సాధారణ అయోడిన్ కూడా ఇచ్చినందున, వ్యాధి దేనివలన తగ్గిందన్న సందేహం కొందరిలో కలిగింది. చాప్‌మన్ సాధారణ అయోడిన్ లేకుండా, ఎక్కువ మోతాదులో చికిత్స చేశాడు. 1946లో అమెరికా వైద్య సంఘం పత్రిక ఇరుపక్షాల వ్యాసాలను ఒకే సంచికలో ప్రచురించింది. హెర్ట్జ్, రాబర్ట్స్ వ్యాసం 29 మంది రోగులను, చాప్‌మన్, ఎవాన్స్ వ్యాసం 22 మందిని గురించి వివరించాయి. ఈ చికిత్సకు ఆద్యుడెవరన్న వివాదం ఆ తరువాత చాలాకాలం కొనసాగింది.

మరణము, ప్రభావము

హెర్ట్జ్ 1950లో, 45 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. అతిథైరాయిడ్ వ్యాధికి, కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్లకు అయోడిన్-131 నేటికీ ప్రధాన చికిత్సలలో ఒకటి. జంతువుల మీద ప్రయోగంతో మొదలైన ఈ విధానాన్ని పశువైద్యులు అతిథైరాయిడ్ వ్యాధి సోకిన పిల్లులకు కూడా వాడుతున్నారు.