వినయశీలి పురుషోత్తమ చౌదరి

అరకులోయను ఒడిలో దాచుకొన్న తూర్పు కనుమలు ఈశాన్య దిశగా సాగి, 1501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి శిఖరంతో తలెత్తి నిలుస్తాయి. ఆ గిరి పాదాల చెంత, మహేంద్రతనయ నది ఒడ్డున పర్లాకిమిడి పట్టణం ఉంది. కొండలపై సవరలు, మైదానంలో తెలుగువారు, ఒడియావారు కలసిమెలసి జీవించే సీమ అది. సవర భాషకు సేవ చేసిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయునిగా పనిచేసిన ఊరు కూడా అదే. ఆయనకంటే రెండు తరాల ముందు ఆ ప్రాంతం తెలుగు సాహిత్యానికి ఒక భక్తకవిని అందించింది. ఆయనే పురుషోత్తమ చౌదరి.

పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురం గ్రామంలో జన్మించారు. వారిది వంగదేశ మూలాలుగల బ్రాహ్మణ కుటుంబం. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. శ్రీకూర్మ క్షేత్రాన్ని, పూరీ జగన్నాథాన్ని గుర్తుచేసే ఆ పేర్లే వారి ఇంటి వైష్ణవ భక్తిని చాటుతాయి. చిన్ననాటి నుండి పురాణ పఠనం, కీర్తనల శ్రవణం ఆయన మనసును తీర్చిదిద్దాయి. తెలుగు, ఒడియా, సంస్కృత భాషల పరిచయం ఆయన కవిత్వానికి పునాది వేసింది.

అది కొత్త భావాలు ప్రవేశిస్తున్న కాలం. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించారు. 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయం నుండి తెలుగు సువార్తలు వెలువడ్డాయి. 1822లో జనరల్ బాప్టిస్టు మిషనరీలు కటకం చేరారు. ఇటువంటి సంస్థలు పంచిన చిన్న పుస్తకాలు మోక్షమార్గాన్ని అన్వేషిస్తున్న చౌదరిగారిని ఆకర్షించాయి. చాలాకాలం అంతర్మథనం అనుభవించిన పిదప ఆయన 1833లో కటకంలో క్రైస్తవ దీక్ష స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి ఏళ్లు.

ఆ నిర్ణయానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆనాడు కులం తప్పినవానికి బంధువుల పంక్తిలో చోటుండేది కాదు. మద్రాసు రాజధానిలో అటువంటివానికి పిత్రార్జితంపై హక్కు కూడా నిలిచేది కాదు. మతం మారినవారి వారసత్వ హక్కును కాపాడే చట్టం 1850లో గాని రాలేదు. అంటే చౌదరిగారు అడుగు ముందుకు వేసిన నాటికి ఆ చట్టానికి ఇంకా పదిహేడేళ్ల దూరముంది. పుట్టుకతో లభించిన అగ్రస్థానాన్ని, ఆస్తిని, అయినవారి ఆదరణను పణంగా పెట్టి ఆయన తన అంతరాత్మ మాటను మన్నించారు.

ఇంత మార్పు జరిగినా ఆయన తన పేరు మార్చుకోలేదు. తల్లిదండ్రులు పెట్టిన పురుషోత్తమ నామంతోనే జీవితాంతం వ్యవహరించారు. తన భాషను, ఛందస్సును, సంగీతాన్ని కూడా విడువలేదు. బోధకునిగా, అనంతరం సంఘకాపరిగా శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం మొదలైన చోట్ల సేవచేశారు. 'నిస్తార రత్నాకరము' వంటి పద్యకృతులు రచించారు. 'కులాచార పరీక్ష'లో కుల వ్యవస్థను విమర్శించారు. కులం వల్ల గౌరవం పొందిన ఇంట పుట్టినవాడే ఆ గౌరవాన్ని ప్రశ్నించడం ఆ రచనలోని విశేషం. ఆయన వినయం మాటలకు పరిమితమైనది కాదు. సమాజం తక్కువగా చూసినవారి సరసన సమానునిగా కూర్చొనే ఆచరణగా అది రూపొందింది.

తెలుగులో క్రైస్తవ కావ్యరచన అంతకు ముందే ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అనే ప్రబంధాన్ని రచించారు. అయితే ప్రబంధాన్ని ఆస్వాదించడానికి పాండిత్యం కావాలి. చౌదరిగారి దృష్టి అక్షరం రాని సామాన్యునిపై పడింది. అందుకే ఆయన కీర్తనను ఎన్నుకొన్నారు. పల్లవిని ఒకరు ఎత్తుకొంటే పదిమంది అందుకొంటారు. చరణాలు వినగా వినగా కంఠస్థమవుతాయి. చదువు రాకపోయినా చెవి ద్వారా భావం హృదయాన్ని చేరుతుంది.

ఇందులో మరొక సూక్ష్మం ఉంది. పాశ్చాత్య గీతాలను అనువదించి వాటి బాణీలలోనే పాడించినప్పుడు, తెలుగు మాటలలోని గురులఘువులు ఆ స్వరాలకు ఒదిగేవి కావు. దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం, హ్రస్వం ఉండవలసిన చోట దీర్ఘం పలికి అర్థం చెడేది. చౌదరిగారి కీర్తనలు మన రాగతాళాలలో పుట్టినవి కనుక మాట, పాట జంటగా నడిచాయి. ఆయన రచించిన కీర్తనలు నూరుకు పైగా ఉన్నాయి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే సంకలనంలో వాటికి ప్రముఖ స్థానం లభించింది.

ఆ కీర్తనలలో కవి తనను దీనునిగా, శరణాగతునిగా భావించుకొంటాడు. అన్నమయ్య, రామదాసు పదాలలో కనిపించే దాస్యభక్తి ఇక్కడ క్రీస్తు పాదాల చెంత చేరింది. ఆ దైన్యంలో నిస్పృహ లేదు. తన అర్హతను బట్టి గాక దైవకృపను బట్టి తాను స్వీకరింపబడ్డానన్న నమ్మకం గలవానికి పోగొట్టుకొంటానన్న భయం ఉండదు. భయం తొలగిన చోట ఆనందం నిలుస్తుంది. పౌలు చెరసాలలో ఉండి ఫిలిప్పీయులకు రాసిన లేఖ కూడా ఈ రెంటినీ కలిపే బోధిస్తుంది. ఇతరులను తమకంటే యోగ్యులుగా ఎంచాలన్న హితవు, ఎల్లప్పుడు సంతోషించాలన్న పిలుపు రెండూ ఆ లేఖలో ఉన్నాయి. అహంకారం బరువు దించుకొన్నవానికే పాడుకొనే తీరిక దొరుకుతుందని చౌదరిగారి జీవితం నిరూపించింది.

దీర్ఘకాలం సేవచేసి ఆయన 1890లో కన్నుమూశారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. ఎల్లలు మారినా ఆయన పాటకు ఎల్లలు ఏర్పడలేదు. శాఖాభేదాలు మరచి తెలుగు క్రైస్తవులు నేటికీ ఆయన కీర్తనలు పాడుకొంటున్నారు. పాడేవారిలో అనేకులకు కవి పేరు తెలియదు. తన పేరు కంటె తన ప్రభువు పేరు నిలవాలని కోరుకొన్న కవికి అంతకు మించిన గౌరవం ఏముంటుంది?