బంగారం దొరికి ఆగమైన దొర

నేను చిన్నగున్నప్పుడు మా వాగుల చెలిమె తీసి నీళ్లు తాగిన. ఎండకాలం పైన నీళ్లు కనవడకపోయినా మూరెడు లోతు ఉసికె చేతులతోని తోడితే సాలు, కిందికెళ్లి తేట నీళ్లు ఊరేటివి. ఇయ్యాల గదే జాగల మనిషి మునిగేటంత గుంతలున్నయి, అండ్ల సుక్క నీళ్లు లేవు. రాత్రిపూట ట్రాక్టర్లకు ఉసికె నింపి పైసలు తెచ్చుకున్నోళ్లల్ల నేను సుత ఒకణ్ణి. ఇంటర్ అయినంక రెండేండ్లు గదే పని జేసిన. అందుకే ఇది ఎవలకో నీతులు చెప్పనీకి రాస్తలేను.

ఈ నడుమ ఒక మనిషి జీవితం గురించి చదివిన. పేరు జాన్ సట్టర్. అమెరికాల కాలిఫోర్నియా బంగారం కత చెప్పాలంటే ఈయిన పేరు చెప్పకుంట కుదరదు. సచ్చిపోయి 140 ఏండ్లు దాటింది. చదువుతుంటే చదువుతుంటే నాకు మా వాగే యాదికొచ్చింది. గందుకే మీతోని చెప్పుకోవాలనిపించింది.

అప్పులోడు దొరయిండు

సట్టర్ 1803ల జర్మనీ దిక్కు బాడెన్ రాజ్యంల కాండెర్న్ అనే ఊర్ల పుట్టిండు. ఇంటోళ్లది స్విట్జర్లాండ్. పెద్దయినంక స్విట్జర్లాండ్ల దుకాణం పెట్టిండు. పెండ్లయింది, అయిదుగురు పిల్లలు. దుకాణం మునిగింది, అప్పులోళ్లు మీదికొచ్చిన్రు. జైలుకు పోవాల్సి వస్తదని 1834ల పెండ్లాంపిల్లల్ని ఆడనే ఇడిసిపెట్టి అమెరికా ఓడెక్కిండు.

కొత్త దేశం పోయినంక కొత్త కత అల్లిండు. తాను సైన్యంల కెప్టెన్‌గ జేసిన అని చెప్పుకునేటోడు. అది నిజం కాదు, కానీ నమ్మినోళ్లు మస్తుమంది. మిస్సోరిల యాపారం పెట్టి ఆడ సుత అప్పులపాలైండు. ఆరెగాన్, హవాయి, అలాస్కా అన్నీ తిరిగి 1839ల కాలిఫోర్నియా చేరిండు. అప్పుడు ఆ గడ్డ మెక్సికో చేతుల ఉండె. శాక్రమెంటో నది, అమెరికన్ నది కలిసేకాడ మకాం పెట్టిండు. మెక్సికో పౌరసత్వం తీసుకున్నడు. 1841ల గవర్నర్ చేతులకెళ్లి 48,800 ఎకరాల పైచిలుకు భూమికి పట్టా సంపాయించిండు. తన రాజ్యానికి న్యూ హెల్వెషియా అని పేరు పెట్టుకున్నడు. కొత్త స్విట్జర్లాండ్ అన్నట్టు.

ఆడ ఒక కోట కట్టిండు. మన దిక్కు దొరల గడీ ఎట్లుంటదో గట్లనే అనుకోన్రి. చుట్టూ ఎత్తు గోడలు, మూలకు ఫిరంగులు, లోపట కమ్మరి కొలిమి, మగ్గాలు, సారా బట్టీ. బయట గోధుమ చేండ్లు, వేల గొడ్లు, గుర్రాలు. సముద్రం ఒడ్డున ఉన్న రష్యావాళ్ల ఫోర్ట్ రాస్ ఆస్తిని సుత 30,000 డాలర్లకు అప్పు మీద కొన్నడు.

మరి ఇంత పని ఎవలు జేసిన్రు? ఆ నేల మీద ఎన్నో తరాల సంది బతుకుతున్న నిసెనాన్, మివోక్ తెగలోళ్లు. కొందరికి పైసలకు బదులు రేకు బిళ్లలు ఇచ్చేటోడు, అవి ఆయిన దుకాణంల తప్ప ఇంకెక్కడ చెల్లయి. కొందరితోని వెట్టి చేయించిండు. కూలోళ్లకు పశువులకు పెట్టినట్టు తొట్లల్ల తిండి పోసేటోళ్లని అప్పట్ల ఆడికి పోయి చూసినోళ్లు రాసిపెట్టిన్రు. పారిపోతే సాయుధుల్ని పంపి పట్టి తెప్పించేటోడు. పిల్లల్ని సుత వేరే ఆసాములకు అప్పజెప్పిండు. సట్టర్ మీద జాలి పడే ముందు ఈ ముచ్చట మర్వొద్దు. ఆయిన పోగొట్టుకున్న భూమి మొదలు ఆయినది కాదు.

పిడికెడు రేణువులు

కోటకు కట్టె కావాలె, పలకలు కావాలె. 1847ల జేమ్స్ మార్షల్ అనే వడ్రంగితోని పొత్తు పెట్టుకుని అమెరికన్ నది దక్షిణ పాయ మీద కొలోమా కాడ కోత మిల్లు కట్టబెట్టిండు. నీళ్ల జోరుతోని తిరిగే మిల్లు అది. 1848 జనవరి 24న మిల్లు కాలువ చూసేతందుకు పోయిన మార్షల్‌కు నీళ్లల్ల మెరిసే రేణువులు కనవడ్డయి. మూట గట్టుకుని కోటకు తెచ్చిండు. ఇద్దరు గది తలుపులు పెట్టుకుని పుస్తకం ముంగట పెట్టి ఆమ్లం పోసి, తక్కెట్ల తూచి చూసిన్రు. బంగారమే.

మనమైతే ఎగిరి గంతేస్తుంటిమి. సట్టర్‌కు మాత్రం గుండె దడ పట్టింది. కూలోళ్లు బంగారం ఎంబడి ఉరికితే గోధుమ ఎవలు కోస్తరు, మిల్లు ఎవలు నడుపుతరు అని ఆయిన బుగులు. మిల్లు అయిపోయేదాంక ఈ ముచ్చట బయటికి చెప్పొద్దన్నడు. కానీ ఆయిన సుత తక్కువోడు కాదు. ఆ జాగల ఉన్న తెగ పెద్దల కాడ గుట్టుగ కౌలు కాయితం రాయించుకోవాలని చూసిండు. అమెరికా సైన్యం గవర్నర్ అది చెల్లదన్నడు. అప్పటికే యుద్ధంల ఓడిన మెక్సికో, 1848 ఫిబ్రవరి 2న ఒప్పందం మీద సంతకం పెట్టి కాలిఫోర్నియాను అమెరికాకు ఇడిసిపెట్టింది.

గుట్టు దాగలే. సామ్ బ్రానన్ అనే యాపారి ముందుగాల పారలు, గంపలు, తట్టలు దొరికినన్ని కొనిపెట్టుకున్నడు. ఆ తర్వాత మే నెలల శాన్ ఫ్రాన్సిస్కో గల్లీలల్ల బంగారం బంగారం అని మొత్తుకున్నడు. ఆయిన బంగారం తవ్వలే, తవ్వేటోళ్లకు పారలమ్మిండు. లక్షలు గడించిండు.

ఇగ చూడున్రి, కొన్నేండ్లల్ల దునియా నలుమూలలకెళ్లి మూడు లక్షల మంది దాంక దిగిన్రు. సట్టర్ కూలోళ్లు పారిపోయిన్రు. తోలు ఊనల్లనే కుళ్లింది, గోధుమ చేండ్లల్లనే రాలింది. వచ్చినోళ్లు గొడ్లను కోసుకుని తిన్నరు, భూమి ఆక్రమించి గుడిసెలేసుకున్నరు. సట్టర్ తాను సుత పనోళ్లను తీసుకుని బంగారానికి పోయిండు, నష్టపోయి ఉత్త చేతులతోని తిరిగొచ్చిండు. కొడుకు స్విట్జర్లాండ్‌కెళ్లి వచ్చి, అప్పులు తీర్చనీకి నది ఒడ్డు భూమిని ప్లాట్లు జేసి అమ్మిండు. గదే ఇయ్యాల కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో పట్నం. 1850 జనవరిల వరదొచ్చి ఆ పట్నం మునిగింది.

గుట్టలు కరిగి నదుల పడ్డయి

సట్టర్ కోటను ఇడిసిపెట్టి ఫెదర్ నది ఒడ్డున ఉన్న హాక్ ఫార్మ్ అనే తన చేనుకాడికి పోయిండు. పండ్ల తోట, ద్రాక్ష పందిరి పెట్టుకున్నడు. ఆ చేనుకు ఎగువనే యూబా నది వచ్చి ఫెదర్ నదిల కలుస్తది. అసలు కత గా యూబా నదిలనే నడిసింది.

మొదట్ల మనుషులు నది ఉసికెను తట్టల వేసి కడిగి బంగారం ఏరుకునేటోళ్లు. మీది బంగారం ఒడిసినంక 1853ల కొత్త ఉపాయం వచ్చింది. కొండ మీదికెళ్లి కాలువలు తీసి, నీళ్లను ఇనుప గొట్టాలల్లకు దింపి, ఫిరంగి లెక్క నాజిల్ పెట్టి గుట్ట మీదికి కొట్టుడు. గుట్ట గుట్టంత కరిగి బురదైతది. ఆ బురదను కట్టె కాలువలల్ల పారిచ్చి, పాదరసం పోసి బంగారం పట్టుకుంటరు. మిగిలిన రాయి, ఉసికె, ఒండ్రు, జారిపోయిన పాదరసం అన్నీ నదిలకే.

నది ఎంత మోస్తది? వాలు తగ్గినకాడ దించుకుంట పోయింది. యూబా నది అడుగు ఏండ్లకేండ్లు లేసింది. మేరీస్‌విల్ పట్నం కాడ నది అడుగు పట్నం గల్లీల కంటే ఎత్తుకొచ్చింది. పట్నం చుట్టూ కట్టలు పోసుకున్నరు, నది లేసినప్పుడల్ల కట్ట ఎత్తు పెంచుకున్నరు. 1862ల మహా వరదొచ్చినప్పుడు శాక్రమెంటోల కొత్త గవర్నర్ ప్రమాణానికి పడవల పోవాల్సి వచ్చింది. 1875ల మేరీస్‌విల్ కట్ట తెగి ఊరు మునిగింది. వరద తీసినంక చేండ్ల మీద మిగిలేది మన గోదారి ఒండ్రు అసొంటిది కాదు, ఏ పంటా మొలవని ఉసికె, రాయి. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే జాగలన్నీ పూడిపోయినయి.

ఈ లోపట్ల సట్టర్ కోర్టుల సుట్టు తిరిగిండు. 1858ల సుప్రీం కోర్టు ఆయిన మొదటి పట్టా చెల్లుతదన్నది, రెండో పెద్ద పట్టా చెల్లదన్నది. గెలిచిన భూమి అప్పటికే చేతులు మారింది. 1865ల ఎవడో నిప్పు పెడితే హాక్ ఫార్మ్ ఇల్లు కాలిపోయింది. ముసలి మొగడుపెండ్లాలు తూర్పుకు పోయి పెన్సిల్వేనియాల లిటిట్జ్ అనే చిన్న ఊర్ల బతికిన్రు. నష్టపరిహారం ఇయ్యున్రని అమెరికా కాంగ్రెస్ సుట్టు ఏండ్లకేండ్లు తిరిగిండు. 1880 జూన్‌ల కాంగ్రెస్ ఆయిన బిల్లు తేల్చకుంటనే ముగిసింది. అది ముగిసిన రెండొద్దులకు, జూన్ 18న, వాషింగ్టన్ల ఒక హోటల్ గదిల సట్టర్ పానం ఇడిసిండు.

బంగారం చూసిన మార్షల్ 1885ల, పారలమ్మిన బ్రానన్ 1889ల ఇద్దరు సుత బీదోళ్లుగనే పోయిన్రు. ఆ నేల అసలు మనుషుల గతి ఇంకా ఘోరం. బంగారం దొరికే ముందు లక్షన్నర దాంక ఉన్న కాలిఫోర్నియా ఆదివాసులు 1870 నాటికి సుమారు 30,000 మందే మిగిలిన్రు. రోగాలు, ఆకలి, తుపాకులు. 2020ల శాక్రమెంటోల ఒక దవాఖాన ముంగట ఉన్న సట్టర్ విగ్రహాన్ని తీసేసిన్రు.

రైతులు గెలిచిన్రు, నది మాత్రం..

సట్టర్ పోయినంక నాలుగేండ్లకు ఒక తీర్పు వచ్చింది. దిగువ రైతులు, పట్నపోళ్లు సంఘం కట్టి ఏండ్లకొద్ది కొట్లాడిన్రు. మేరీస్‌విల్‌ల ఆస్తులున్న ఉడ్రఫ్ అనే ఆయిన పెద్ద గనుల కంపెనీ మీద కేసు ఏసిండు. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్, గనుల చెత్తను నదులల్ల పొయ్యొద్దని తీర్పిచ్చిండు. అప్పట్ల కంపెనీల కాడ పైసలున్నయి, పలుకుబడి ఉన్నది, వేల కొలువులు పోతయన్న వాదన సుత ఉన్నది. అయినా ఎగువోని సంపాదన కోసం దిగువోని చేను మునగొద్దని కోర్టు తేల్చింది.

మరి నది బాగైందా? గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏండ్లకేండ్లు ఆ నదుల ఎంబడి తిరిగి 1917ల లెక్క తేల్చిండు. నదులల్ల పడ్డ మట్టి, పనామా కాలువ కోసం తవ్విన మట్టికి ఎనిమిదింతల దాంక ఉన్నది. తవ్వుడు ఆపినా ఆ ఉసికె ఒక అల లెక్క కిందికి కదులుతనే ఉంటదని, అది దాటిపోవాలంటే దశాబ్దాలు పడ్తదని ఆయిన చెప్పిండు. పాదరసమైతే ఇంకా ఉన్నది. ఆ నదుల కొన్ని రకాల చేపలు ఎన్ని తినాల్నో ఇప్పటికీ ఆడి సర్కారు లెక్క చెప్తది. ముప్పై ఏండ్ల సంపాదనకు నూటయాభై ఏండ్ల శిక్ష.

మన వాగు ముచ్చట

మీరు అడగొచ్చు. ఆడ ఉసికె ఎక్కువైంది, మన కాడ తక్కువైంది, రెండూ ఒకటెట్ల అని. నిజమే, మన కత దానికి తలకిందులు. కానీ నది సూత్రం ఒక్కటే. నదికి తన నీళ్లకు, తన ఉసికెకు ఒక లెక్క ఉంటది. ఎక్కువ పోస్తే అడుగు లేస్తది, తోడితే అడుగు దిగుతది. గుంత తీసినకాడనే ఆగదు. వానకాలం నీళ్లు గుంతల దుంకి, ఎగువ దిక్కు అడుగును కోసుకుంట పోతయి. మన ఊరి హద్దుల తోడితే మీది ఊరి బ్రిడ్జి పునాది తేలుతది.

ఇంకోటి, ఉసికె అంటే ఉత్త రాయి పొడి కాదు. రేణువుల సందులల్ల నీళ్లు ఆగుతయి, అది వాగు దాసుకున్న ట్యాంకు. ఎండ తాకకుంట కాపాడి మెల్లమెల్లగ పక్క బాయిలకు, బోర్లకు ఇస్తది. ట్రాక్టర్ల ఉసికె పోయిందంటే ట్యాంకు పోయినట్టే. మాకు ఒడ్డు మీద బాయి ఉండె. నేను నింపిన ఉసికె పైసలతోని మా నాయిన దాని పక్కన బోరేసిండు, బాయి ఎండింది కాబట్టి. గప్పుడు సుత నాకు సమజ్ కాలే, నా చేత్తోని తోడిందే నా పైసతోని ఎతుకుతున్న అని.

దునియాల ఏడాదికి 5,000 కోట్ల టన్నుల ఉసికె, కంకర వాడుతున్నరని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క. ఇల్లు కట్టొద్దని ఎవలంటరు? మనకు సుత ఇల్లు కావాలె. కానీ ఎంత తీయాలె, ఎంత లోతు తీయాలె, ఎవల బాయి ఎండుతది అని అడిగే హక్కు మనకున్నది. 2002ల వచ్చిన వాల్టా చట్టం భూగర్భ జలానికి దెబ్బ తగిలేకాడ ఉసికె తియ్యొద్దంటది. 2012 ఫిబ్రవరిల సుప్రీం కోర్టు, అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజుకు సుత పర్యావరణ అనుమతి ఉండాలన్నది. కాయితం మీద ఇన్ని ఉన్నయి. గ్రామసభల మనం నోరు తెరిస్తేనే అవి వాగుదాంక వస్తయి.

తమ్ములూ, చెల్లెండ్లూ, ట్రాక్టరు నింపుడు మానున్రి అని ఒక్క మాటల చెప్పుడు నాకు చాతగాదు. ఆ పైసలు ఇంట్ల ఎంత అక్కరో నాకెరుక. కానీ సట్టర్ కత చూడున్రి. తన నేల తనదే అనుకున్నడు, నది తనదే అనుకున్నడు. నది పానం పోతుంటే ఆయినకు తన పట్టా, తన పరిహారమే కనవడ్డది. నదిని కాపాడింది ఆయిన కాదు, దిగువ రైతులు.

మన వాగుకు సుత దిగువ ఊరున్నది. ఆ ఊరోళ్లతోని కూసొని మాట్లాడున్రి. వచ్చే గ్రామసభల ఉసికె ముచ్చట ఎజెండాల పెట్టియ్యున్రి. నేను మా ఊర్ల అర్జీ రాసిచ్చిన. మొదటి సంతకం నాదే, ఎందుకంటే మొదటి తప్పులల్ల సుత నా చెయ్యి ఉన్నది.