ధాత కరువులో క్లౌ దొరగారు

2005వ సంవత్సరము మొదలుకొని ఛత్తీసుగఢు సీమనుండి కలహభీతిచే గ్రామములు విడిచి వచ్చిన కోయలనేకులు మా కొత్తగూడెము, భద్రాచలము అడవులలో గుడిసెలు వేసికొని కాలము గడుపుచున్నారు. ఇట్టి నిరాశ్రయులకు అన్నము పెట్టునపుడు మన మతబోధను ఎంత దూరమున నుంచవలెనను ప్రశ్న మా మిత్రగోష్ఠిలో పలుమాఱు పుట్టినది. ఇంచుమించు నూటయేబది యేండ్ల క్రిందట ఒంగోలులో నొక క్రైస్తవ బోధకుడు ఆచరణముచేతనే దీనికి ఉత్తరమిచ్చెను గనుక ఆయన చరిత్రము నిట వ్రాయుచున్నాను.

జాన్ ఎవరెట్ క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున మిన్నెసోటా సీమలో భూములు కొలుచు సర్వేపని చేసెను. ఆ విద్య మీదటి కాలమున బైబిలుతోపాటు ఆయనకు అక్కఱకు వచ్చుట విచిత్రము. 1865లో మన దేశము చేరి, మఱుసటి యేడు ఒంగోలున నిలిచెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో అచ్చట బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను.

తొలుత వచ్చినవారిలో ముఖ్యుడు తాళ్లకొండపాడు నివాసి యెఱ్ఱగుంట్ల పేరయ్య. ఈతడు తోళ్లపని చేయు మాదిగ. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని అగ్రవర్ణులు నిష్కర్షగా చెప్పిరి. ఆ సందిగ్ధమున భార్యాభర్తలు వేర్వేరుగా బైబిలు తెఱవగా, దేవుడు లోకమున తృణీకరింపబడినవారిని ఏర్పఱచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన ఘట్టమే యిరువురికిని కనబడెనని ఆయన చెప్పికొనెను. ఆ యద్భుతముకంటె, పెద్దల స్నేహము పోయినను ఆయన చలింపకుండుటయే నాకు గణనీయముగా తోచుచున్నది.

1876లో వానలు తప్పెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది ఇదియే. దక్షిణదేశమున ఏబది లక్షలకు పైగా జనులు నశించిరని అంచనా. పశువులు చచ్చి, పాత్రలు అమ్ముడుపోయి, కుటుంబములు రహదారుల పాలయ్యెను. దొరతనమువారు అప్పుడు బకింగుహాము కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ అందు మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొనెను. కొలతలు తెలిసినవాడగుటచే ఇది సాధ్యమయ్యెను. రాజుపాలెమువద్ద తాటాకు పాకలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. ఇల్లు విడిచి వచ్చినవారు ఆలుబిడ్డలతో ఆ పాకలలో తలదాచుకొని, మగవారు మన్ను త్రవ్వ, ఆడవారు తట్టలు మోయుచుండిరి. వారికి దొరికినది కూలి, బిచ్చము కాదు. ధర్మసత్రముల విషయమై మనవారు గర్వించునపుడు ఈ భేదమును తలపోయవలెను.

పనివారిలో ననేకులు బాప్తిస్మమిమ్మని వేడిరి. పదునైదు మాసములు ఆయన ఒక్కరికిని ఇయ్యలేదు. చేరినవారి సంఖ్యను బట్టియే బోధకుని ఘనతను కొలుచు మిషనులలో ఇది సామాన్యమైన నిగ్రహము కాదు. న్యాయవాదినగు నాకు 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము స్ఫురించుచున్నది: స్వేచ్ఛలేని సమ్మతి సమ్మతి కాదు. ఆకలిగొన్నవాని అంగీకారమును ఆయన ఏ న్యాయస్థానమును చెప్పకుండగనే త్రోసిపుచ్చెను.

1878 జూను నెలలో సహాయద్రవ్యమును నిలిపి, ఇక ఇచ్చుటకు రూకలు లేవని జనులకు వర్తమానము పంపెను. ఒంగోలున మశూచి యుండుటచే గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లికడ తన బోధకులను కలిసికొనెను. ధనము తమకక్కఱలేదు, బాప్తిస్మమే కావలెనని వేలకొలది జనులు అచటికి వచ్చిరి. జూలై 2వ తేదీన 614, 3వ తేదీన 2222, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆఱుగురు తెలుగు బోధకులు, తడవకు ఇద్దరేసి చొప్పున. క్లౌ స్వయముగా నీట దిగలేదు.

ఈ సంఖ్యను చూచి ఉప్పొంగువారితో నేను ఏకీభవింపజాలను. కూలి నిలిచినను కృతజ్ఞత నిలువదు; ప్రాణము కాపాడినవాని దేవుని ఆశ్రయించుటలో విశ్వాసమెంత, ఋణభారమెంత యని తూచు త్రాసు లేదు. అయినను ఆ జనులను నిందించుటకు మనకు నోరు రాకూడదు. తమ గుడులలోనికి వారిని రానీయనివారు మన పెద్దలే గదా.

క్లౌ 1910 నవంబరు 24వ తేదీన రాచెస్టరు పట్టణమున మృతినొందెను.

వచ్చు ఆదివారము మా మిత్రులు బియ్యమును దుప్పట్లును తీసికొని అడవిలోని గుడిసెలకు పోవుచున్నారు. ఉపాసనా పుస్తకములను ఈసారికి ఇంటనే యుంచవలెనని వారికి నా మనవి.