సుద్దాల పాట మా ఇంటికెట్లా వచ్చింది

పసులు కాసే పిల్లగాడి మీద ఒక పాట ఉంది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టిన ఆడవాళ్లలో ఆ పాట విననివాళ్లు తక్కువ. కొందరు 'మా భూమి' సినిమాలో విన్నామంటారు, కొందరు నాట్లేసే చోట విన్నామంటారు. రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రాసినాయన సుద్దాల హనుమంతు.

1908లో మోత్కూరు దగ్గరి పాలడుగులో ఒక చేనేత కుటుంబంలో పుట్టారాయన. తర్వాత స్థిరపడిన సుద్దాల ఊరే ఆయనకు ఇంటిపేరయింది. భజనలన్నా, యక్షగానాలన్నా చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆయుర్వేదం నేర్చుకున్నారు. హైదరాబాదులో కొన్నాళ్లు సర్కారు నౌకరీ చేశారు. నిజాం కాలంలో సర్కారు నౌకరీ అంటే ఇంటిల్లిపాదికీ ఎంత భరోసా! అది వదిలేసి, ఆంధ్ర మహాసభ బాట పట్టి, ఊళ్లో వైద్యం చేస్తూ పాటలు కట్టారు. ఇట్లాంటి సంగతులు చదివినప్పుడల్లా నాకు ఆ ఇంటి పొయ్యి గుర్తొస్తుంది. అది రోజూ ఎట్లా వెలిగిందో! ఇల్లు నడిపేదాన్ని కదా, నా ఆలోచన అటే పోతుంది.

ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. కొత్త పాటకు పాత గొంగడి కప్పారు. గొల్లసుద్దులంటే మనకు తెలిసిందే. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఒకరు కథ చెబుతుంటే పక్కవాళ్లు వంత పలుకుతూ నవ్వించడం. ఆ సుద్దుల్లోకి ఆయన దొరల జులుమునూ, వెట్టినీ, వడ్డీలనూ తెచ్చారు. బుర్రకథనూ, ఫకీరు వేషాన్నీ కూడా వదల్లేదు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఉపన్యాసమంటే మగవాళ్లు నలుగురు వస్తారేమో గానీ, సుద్దులంటే చంకన పిల్లనేసుకుని ఆడవాళ్లూ వస్తారు, ముసలివాళ్లూ వస్తారు. మా సూర్యాపేట ప్రాంతపు ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం గారు ఉయ్యాల పాటలు పాడి పల్లెలను కదిలించింది కూడా ఆ పోరాట కాలంలోనే.

ఇక ఆ పసులగాసే పిల్లగాడి పాట. అందులో తిట్లు లేవు, నినాదం లేదు. ఒక పెద్దమనిషి దారిలో ఆగి పసివాణ్ని పలకరించినట్టు ఉంటుంది. తల్లిపాలు మరిచి ఎన్నాళ్లయిందని అడుగుతుంది. వాడి చిరిగిన అంగీనీ, కాళ్లకు కట్టుకున్న తాటి జెగ్గల జోడునూ చూపిస్తుంది. అంతే. వింటున్నవాళ్లకు కడుపులో దేవినట్టవుతుంది.

మా అమ్మమ్మది కోదాడ దగ్గర పల్లె. ఆమెకు హనుమంతు ఎవరో తెలియదు. నాట్లలో పక్క సాలు ఆడవాళ్లు పాడుతుంటే విని నేర్చుకుంది. ఆమె తమ్ముడు ఎనిమిదేళ్లకే జీతం కుదిరినవాడు. పసుల కొట్టంలోనే తినడం, అక్కడే పడుకోవడం. ఎండాకాలం సెలవుల్లో మేమంతా వాకిట్లో మంచాలేసుకుని పాడమంటే అమ్మమ్మ పాడేది. గొంతు సన్నగా, తీగ లాగినట్టుండేది. తాటి జెగ్గల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేది. మళ్లీ మొదలుపెట్టమని మేమెవరమూ అడిగేవాళ్లం కాదు. అమ్మ లేచి మంచినీళ్లు తెచ్చిచ్చేది.

'మా భూమి' 1980లో వచ్చింది. సినిమాతో ఆ పాట పల్లె దాటి పట్నం చేరింది. తన పాట తెరకెక్కడం హనుమంతు బతికుండగానే జరిగింది. 1982 అక్టోబరులో ఆయన పోయారు. కొడుకు అశోక్‌తేజ బడిపంతులుగా పనిచేసి, ఆ తర్వాత సినిమా కవి అయ్యారు. 2003లో వచ్చిన 'ఠాగూర్' పాటకు జాతీయ అవార్డు అందుకున్నారు. తల్లిదండ్రులిద్దరి పేరు కలిపి హనుమంతు-జానకమ్మ పురస్కారం ఇస్తూ వచ్చారు. తండ్రి పేరు ఒక్కటే పెట్టినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అమ్మ పేరు కూడా చేర్చడం నాకు భలే నచ్చింది.

తండ్రి కవి, కొడుకు కవి అనగానే రక్తంలోనే ఉందంటారు మనవాళ్లు. నాకది సగమే నిజమనిపిస్తుంది. రోజూ చెవిన పడకపోతే రక్తం మాత్రం ఏం చేస్తుంది? మా పెద్దమ్మాయి పాడుతుంది. మొన్న బతుకమ్మకు సూర్యాపేటలో మా వాడకట్టు ఆడవాళ్లంతా దాని వెనక కోరస్ అందుకున్నారు. దానికా గొంతు ఎక్కణ్నించి వచ్చిందో, మన వంశంలో పాడేవాళ్లెవరూ లేరే అన్నారు బంధువులు. అమ్మమ్మను ఎవరూ లెక్కలో వేసుకోలేదు. మైకు ముందు పాడలేదుగా! అమ్మమ్మ పేరు నేనే చెప్పాను, కాస్త గట్టిగానే.

సంక్రాంతికి మిర్యాలగూడలో మా అత్తగారింట్లో అందరం కలిశాం. పక్కింట్లో డీజే చప్పుడు ఆగాక, డాబా మీద పాటలు పెట్టుకున్నాం. పిల్ల ఈ పాటే ఎత్తుకుంది. అమ్మమ్మ ఆగే చోట అది ఆగలేదు. నేనూ, మా అమ్మా ఒకరినొకరం చూసుకున్నాం. పాటంతా అయ్యాక, తాటి జెగ్గలతో చెప్పులెట్లా చేస్తారని అడిగింది. మామయ్య తెల్లారి రెండు జెగ్గలు తెచ్చి, కత్తితో చెక్కి, తాళ్లు కట్టిచ్చారు. వాటితో వాకిట్లో పది అడుగులు వేసి, కాలు ఒరుసుకుపోయి విప్పేసింది. ఎనిమిదేళ్ల తాతయ్య వీటితోనే రోజంతా నడిచేవాడా అని మా అమ్మను అడిగింది. అమ్మ ఆ జెగ్గలు తీసి గూట్లో పెట్టింది.